ఎముక అల్లుకునే పందిరి: మూలికల సారం నింపిన స్కాఫోల్డ్‌ల గురించి ఒక పాఠం

ఎముక విరిగిన ఇంట్లో మొదట ఆగిపోయేది సంపాదన. ఆటో నడిపేవారు, తాపీ మేస్త్రీ, హమాలీ, రోజంతా కుట్టుమిషన్ తొక్కే ఇల్లాలు, వీరిలో ఎవరికి కాలు విరిగినా ఆరు నెలలు ఇల్లు గడవడం కష్టం. చికిత్స కోసం సహాయం అడిగే దరఖాస్తుల్లో ఎముకల ఆపరేషన్లవి ఏటా ఉంటూనే ఉంటాయి. వాటిని చూసి చెక్కు రాసే దాతలకు ఇటీవల కొత్త మాటలు వినిపిస్తున్నాయి. ‘ఎముక బదులు పెట్టే పదార్థం’, ‘మూలికలతో ఎముక పెరుగుతుంది’, ‘స్కాఫోల్డ్’ అనే మాటలు పత్రికల్లోనూ ఫోన్లలోనూ కనబడుతున్నాయి. ఇందులో నిజమెంత? ఆశ ఎంత? వ్యాపారం ఎంత? ఉపాధ్యాయులం కనుక, తరగతిలో చెప్పే పద్ధతిలోనే దీన్ని మొదటి నుంచి చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

ఎముక రాయి కాదు

చాలామంది ఎముకను గోడలోని ఇటుకలా ఊహించుకుంటారు. అది నిజం కాదు. ఎముక బరువులో సుమారు మూడింట రెండు వంతులు ఖనిజం. కాల్షియం, ఫాస్ఫేట్‌లతో ఏర్పడే దీన్ని హైడ్రాక్సీఅపటైట్ అంటారు. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కొల్లాజెన్ అనే మాంసకృత్తు, కొంత నీరు. పాఠశాలలో మేము పిల్లలతో ఒక చిన్న ప్రయోగం చేయిస్తాము. కోడి కాలి ఎముకను శుభ్రం చేసి కొన్ని రోజులు వెనిగర్‌లో ఉంచితే ఖనిజం కరిగిపోతుంది. మిగిలిన ఎముక రబ్బరులా వంగుతుంది. ఇంకో ఎముకను నిప్పుల్లో కాల్చితే కొల్లాజెన్ పోతుంది. అప్పుడది ఆకారం నిలుపుకున్నా, చేతితో నొక్కగానే పొడి అవుతుంది. గట్టిదనం ఖనిజానిది, సాగే గుణం కొల్లాజెన్‌ది. రెండూ కలిస్తేనే ఎముక.

ఇంకా ముఖ్యమైన సంగతి, ఎముకలో ప్రాణమున్న కణాలు ఉంటాయి. ఆస్టియోబ్లాస్ట్‌లు కొత్త ఎముకను కడతాయి. ఆస్టియోక్లాస్ట్‌లు పాత ఎముకను కరిగిస్తాయి. కట్టేవారు, కూల్చేవారు ఒకే ఇంట్లో నిత్యం పని చేస్తుంటారన్నమాట. ఇలా పెద్దవారి అస్థిపంజరంలో ఏటా సుమారు 10 శాతం కొత్తదవుతుంది.

అందుకే విరిగిన ఎముక తనంతట తాను అతుక్కోగలదు. విరిగిన చోట మొదట రక్తం గడ్డకడుతుంది. తరువాత మెత్తని కణజాలం అతుకులా ఏర్పడుతుంది. కొన్ని వారాల్లో అది గట్టిపడి ఎముకవుతుంది. ఆ తరువాత నెలల తరబడి ఆ అతుకు సన్నబడి, పాత ఆకారానికి దగ్గరగా వస్తుంది. వైద్యుడు చేసేది ముక్కలను సరైన స్థానంలో కదలకుండా నిలపడం. అతికేది శరీరమే.

ఖాళీ పూడనప్పుడు

అయితే ఈ శక్తికి ఒక హద్దు ఉంది. ముక్కల మధ్య దూరం ఎక్కువైతే ఎముక ఆ ఖాళీని దాటలేదు. నడుమ మెత్తని మచ్చ కణజాలం నిండి, అతుకు పడకుండా అడ్డుకుంటుంది. రోడ్డు ప్రమాదంలో ఎముక ముక్కలైపోయినప్పుడు, కణితి కోసం ఎముకను తీసేసినప్పుడు, చీము పట్టిన భాగాన్ని తొలగించినప్పుడు ఇలాంటి ఖాళీలు మిగులుతాయి. 2021లో కరోనా రెండో విడత తరువాత మన రెండు రాష్ట్రాల్లోనూ బ్లాక్ ఫంగస్ వచ్చినవారిలో కొందరికి పై దవడ ఎముకనే తీసేయవలసి వచ్చింది. ప్రాణం దక్కింది కానీ, నమలడం, మాట్లాడడం, నలుగురిలోకి రావడం కష్టమైపోయింది. ఎముకలో ఖాళీ అంటే ఏమిటో వారి ముఖాలే చెబుతాయి.

ఇలాంటి చోట వైద్యులు ఎక్కువగా నమ్మే పద్ధతి, రోగి తుంటి దగ్గరి ఎముక నుంచి కొంత తీసి ఖాళీలో నింపడం. అది సొంత ఎముక కనుక శరీరం తిరస్కరించదు. దానిలో ప్రాణమున్న కణాలు కూడా ఉంటాయి. కానీ తీసిన చోట రెండో గాయం, రెండో నొప్పి. పైగా దొరికేది కొద్దిగానే. పిల్లల్లోనైతే మరీ తక్కువ. మరణించిన దాతల ఎముకను శుద్ధి చేసి వాడే పద్ధతీ ఉంది. అది అన్నిచోట్లా దొరకదు. ఈ కొరతే శాస్త్రవేత్తలను మూడో దారి వైపు నడిపింది.

స్కాఫోల్డ్ అంటే పందిరి

బీర తీగకు పందిరి వేస్తాము. పందిరి కాయ కాయదు. కాసేది తీగే. కానీ పందిరి లేకపోతే తీగ నేల మీదే పాకి, దారి తప్పుతుంది. స్కాఫోల్డ్ చేసే పని అదే. ఎముక లేని చోట రంధ్రాలున్న ఒక ఆకారాన్ని అమరుస్తారు. చుట్టుపక్కల ఎముక నుంచి కణాలు, సన్నని రక్తనాళాలు ఆ రంధ్రాల్లోకి పాకుతాయి. లోపల కొత్త ఎముక పోసుకుంటూ వస్తాయి. ఇల్లు కట్టేటప్పుడు శ్లాబు గట్టిపడ్డాక సెంట్రింగ్ విప్పేస్తాం కదా, స్కాఫోల్డ్ కూడా అలా తొలగాలి. అయితే దాన్ని విప్పడానికి ఎవరూ మళ్లీ కోయనక్కర్లేదు. అదే మెల్లగా కరిగిపోవాలి. ఈ ఆలోచనను 1993లో అమెరికా శాస్త్రవేత్తలు రాబర్ట్ లాంగర్, జోసెఫ్ వకాంటీ ఒక ప్రసిద్ధ వ్యాసంలో ‘టిష్యూ ఇంజినీరింగ్’ పేరుతో వివరించాక ఈ రంగం వేగంగా పెరిగింది.

మంచి స్కాఫోల్డ్‌కు నాలుగు గుణాలు కావాలి.

మొదటిది, శరీరానికి హాని చేయకూడదు. అది కరిగినప్పుడు వచ్చే పదార్థాలు కూడా విషం కాకూడదు.

రెండోది, రంధ్రాలు ఉండాలి, అవి ఒకదానితో ఒకటి కలిసి ఉండాలి. తరగతిలో దీనికి డబుల్‌రొట్టెను, థర్మోకోల్‌ను చూపిస్తాము. రెండింటిలోనూ ఖాళీలున్నాయి. నీరు పోస్తే రొట్టె పీల్చుకుంటుంది, థర్మోకోల్ పీల్చుకోదు. దాని ఖాళీలు దేనికది మూసుకుపోయిన గదులు. కణాలు లోపలికి వెళ్లాలంటే రంధ్రం కనీసం 100 మైక్రోమీటర్లుండాలని, 300 దాటితే రక్తనాళాలు బాగా పెరుగుతాయని పరిశోధనలు చెబుతున్నాయి. మైక్రోమీటర్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. రక్తనాళం నుంచి 100–200 మైక్రోమీటర్ల దూరం దాటితే కణానికి ఆక్సిజన్ అందదు. అందుకే రక్తనాళాలు లోపలికి రాని పందిరి నడుమ భాగంలో ఎండిపోతుంది.

మూడోది, బలం ఉండాలి. ఇక్కడే చిక్కు. రంధ్రాలు పెంచితే బలం తగ్గుతుంది, బలం పెంచితే రంధ్రాలు తగ్గుతాయి.

నాలుగోది, కరిగే వేగం. ఎముక రాకముందే కరిగితే ఖాళీ మళ్లీ మిగులుతుంది. ఎముక వచ్చాకా కరగకపోతే అడ్డుగా నిలుస్తుంది.

పందిరిని దేనితో చేస్తారు?

ఎముకలో సహజంగా ఉండే కాల్షియం ఫాస్ఫేట్ లవణాలు, అంటే హైడ్రాక్సీఅపటైట్, ట్రైకాల్షియం ఫాస్ఫేట్, ఎక్కువగా వాడతారు. శరీరంలో కరిగే పాలిమర్‌లనూ వాడతారు. ఇంకొకటి బయోగ్లాస్. దీని కథ ఆసక్తికరం. 1967లో ఒక సదస్సుకు బస్సులో వెళుతున్న గాజు శాస్త్రవేత్త లారీ హెంచ్‌ను, వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఒక సైనిక కర్నల్, శరీరం తిరస్కరించని పదార్థాన్ని చేయలేరా అని అడిగాడు. సైనికుల కాళ్లు చేతులు తీసేయవలసి రావడం చూసిన మనిషి అతను. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో హెంచ్ 1969లో చేసిన ఆ గాజు ఎలుకల ఎముకకు ఎంత గట్టిగా అతుక్కుందంటే, దాన్ని ఊడదీయడం సాధ్యం కాలేదు. నేడు దంతవైద్యంలోనూ ఎముకల చికిత్సలోనూ అది వాడుకలో ఉంది.

మన దేశంలో తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ శాస్త్రవేత్తలు హైడ్రాక్సీఅపటైట్‌కు సిలికా జోడించిన రంధ్రాల పదార్థాన్ని తయారు చేసి, మేకల తొడ ఎముకలపై పరీక్షించారు.

కైటోసాన్ అనేది మరో పదార్థం. రొయ్యల, పీతల పెంకుల నుంచి దీన్ని తీస్తారు. రొయ్యల సాగులో దేశంలో మొదటి స్థానంలో ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో ఆ పెంకులకు కొదవ లేదు. వ్యర్థమనుకునేది వైద్యానికి ముడిసరుకు కావచ్చు.

జెలటిన్, కొల్లాజెన్‌లు కూడా వాడతారు. ఇవి పశువుల నుంచి, పందుల నుంచి, చేపల నుంచి కూడా వస్తాయి. మన పాఠకుల్లో చాలామందికి ఇది ముఖ్యమైన విషయమే. శరీరంలో పెట్టే పదార్థం దేని నుంచి వచ్చిందో ఆపరేషన్‌కు ముందే వైద్యుడిని అడగవచ్చు. అడగడం రోగి హక్కు. ధార్మిక సందేహం ఉంటే పండితులను సంప్రదించవచ్చు. కానీ ఇదంతా ముందుగానే జరగాలి, ఆపరేషన్ గది తలుపు దగ్గర కాదు.

మూలిక ఎందుకు కలపాలి?

పందిరి ఉంటే సరిపోదు, తీగకు ఎరువు కూడా కావాలి. 1965లో అమెరికా వైద్యుడు మార్షల్ యురిస్ట్ ఎముకలోనే ఎముకను పుట్టించే శక్తి దాగి ఉందని చూపించారు. దాని నుంచి బీఎంపీ అనే మాంసకృత్తులు వెలుగులోకి వచ్చాయి. వాటిలో ఒకదానికి 2002లో అమెరికా ఔషధ సంస్థ వెన్నెముక ఆపరేషన్లలో వాడకానికి అనుమతి ఇచ్చింది. అది బాగా పనిచేస్తుంది కానీ చాలా ఖరీదు. పైగా మెడ భాగంలో వాడినప్పుడు కొందరికి ప్రమాదకరమైన వాపు వచ్చిందని 2008లో అదే సంస్థ హెచ్చరించింది. ఇంతకన్నా చవకగా, నిలవ ఉండే, చిన్న అణువులు మొక్కల్లో దొరుకుతాయా అన్న వెతుకులాట అందుకే మొదలైంది. అందులో కొన్ని పేర్లు మనకు తెలిసినవే.

నల్లేరు. కంచెల మీద పాకే నాలుగు పలకల కాడ. సంస్కృతంలో అస్థిసంహారక, ఉర్దూలో హడ్‌జోడ్, అంటే ఎముకను అతికేది. మన ఇళ్లలో చింతపండు వేసి దురద పోయేలా పచ్చడి చేస్తారు. 1960లలో కాశీ హిందూ విశ్వవిద్యాలయ శస్త్రవైద్యుడు కె.ఎన్. ఉడుప, ఆయన సహచరులు విరిగిన ఎముకలున్న జంతువులకు నల్లేరు ఇచ్చి, అతుకు త్వరగా గట్టిపడుతున్నదని నమోదు చేశారు. 2014లో చెన్నై అన్నా విశ్వవిద్యాలయం, సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయం పరిశోధకులు నల్లేరు సారాన్ని, హైడ్రాక్సీఅపటైట్‌ను కలిపి అతి సన్నని పాలిమర్ పోగుల స్కాఫోల్డ్‌ను చేశారు. ప్రయోగశాలలో దాని మీద ఎముక కణాలు బాగా పెరిగాయి.

పసుపు. దుగ్గిరాల, నిజామాబాద్ మార్కెట్లు తెలిసిన మనకు పసుపు గురించి చెప్పనక్కర్లేదు. దానిలోని కర్క్యుమిన్ వాపును తగ్గిస్తుంది. కానీ నోటితో తీసుకుంటే రక్తంలోకి చేరేది చాలా తక్కువ. అందుకే దాన్ని గాయం దగ్గరే విడుదల చేయాలన్న ఆలోచన వచ్చింది. వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో సుస్మితా బోస్ బృందం త్రీడీ ప్రింటర్‌తో చేసిన ట్రైకాల్షియం ఫాస్ఫేట్ స్కాఫోల్డ్‌లకు కర్క్యుమిన్ పూసి ఎలుకల్లో పరీక్షించింది. కొత్త ఎముక ఎక్కువగా ఏర్పడినట్టు ప్రకటించింది.

ఐకారిన్. చైనా వైద్యంలో వాడే ఎపిమీడియం మొక్క నుంచి వస్తుంది. షెన్‌జెన్, హాంకాంగ్ పరిశోధకులు దీన్ని పాలిమర్, ట్రైకాల్షియం ఫాస్ఫేట్‌లతో కలిపి ముద్రించిన స్కాఫోల్డ్‌ను కుందేళ్లలో పరీక్షించి, 2018లో ఫలితాలు ప్రచురించారు. రక్తం అందక చచ్చుబడిన ఎముక భాగంలో కొత్త ఎముక, రక్తనాళాలు పెరిగాయి.

కలోంజీ. నల్ల జీలకర్ర అని కూడా అంటాము. దానిలోని థైమోక్వినోన్ మీద కూడా జంతువుల్లో ప్రయోగాలు జరిగాయి. మన ఇళ్లలో దానికున్న గౌరవం వేరు, ఎముక చికిత్సలో రుజువు కావడం వేరు. రెండింటినీ కలపకూడదు.

సారాన్ని ఎలా నింపుతారు?

మూడు పద్ధతులు ముఖ్యం. తయారైన స్కాఫోల్డ్‌ను సారంలో నానబెట్టడం తేలిక. కానీ నానబెట్టినది మొదటి ఒకటి రెండు రోజుల్లోనే చాలావరకు బయటికి వచ్చేస్తుంది. తయారీలోనే పదార్థంతో కలిపేయడం రెండోది. అప్పుడు పదార్థం కరుగుతున్న కొద్దీ మందు విడుదలవుతుంది. సారాన్ని అతి చిన్న గోళీల్లో బంధించి, వాటిని స్కాఫోల్డ్‌లో అమర్చడం మూడోది. వారాల తరబడి కొద్ది కొద్దిగా అందడం దీని మేలు.

మోతాదే ఇక్కడ ప్రాణం. తక్కువ మోతాదులో కణాలకు సహాయపడే కర్క్యుమిన్, ఎక్కువైతే అవే కణాలను చంపుతుంది. ‘మూలిక కదా, ఎంతైనా ఫరవాలేదు’ అనే మాట వంటింట్లోనే కాదు, ప్రయోగశాలలోనూ తప్పే. ఇంకో ఇబ్బంది, శరీరంలో పెట్టేది సూక్ష్మజీవులు లేకుండా శుద్ధి కావాలి. ఎక్కువ వేడి, వెలుతురు కొన్ని మూలికా అణువులను పాడుచేస్తాయి. నేల, వాన, కోత కాలం మారితే మొక్కలో సారం పాలు కూడా మారుతుంది. అందుకే ‘ఒక గుప్పెడు నల్లేరు’ అనే కొలత ఇక్కడ పనికిరాదు. ఏ అణువు ఎంత ఉందో ప్రతిసారి కొలవాలి.

పరీక్షల మెట్లు

మొదటి మెట్టు గాజు పళ్లెంలోని కణాలు. రెండోది ఎలుకలు, కుందేళ్లు. మూడోది మేక, గొర్రె వంటి పెద్ద జంతువులు. నాలుగోది మనుషులు. వారిలోనూ మొదట కొద్దిమంది, తరువాత ఎక్కువమంది. ఎలుక పుర్రెలో 8 మిల్లీమీటర్ల రంధ్రం పూడడం మంచి వార్తే. కానీ మనిషి కాలి ఎముకలో కొన్ని అంగుళాల ఖాళీ, దాని మీద 60 కిలోల బరువు వేరే లెక్క.

సాధారణ కాల్షియం ఫాస్ఫేట్, బయోగ్లాస్ వంటి పూరకాలు ఆసుపత్రుల్లో వాడుకలో ఉన్నాయి. మూలికల సారం నింపినవి మాత్రం ఇప్పటికీ ఎక్కువగా మొదటి మూడు మెట్ల మీదే ఉన్నాయి. సాధారణ చికిత్సగా ఇంకా రాలేదు. కర్క్యుమిన్ విషయంలో 2017లో అమెరికా రసాయన శాస్త్రవేత్తలు ఒక సమీక్ష రాసి, అది ప్రయోగశాల కొలతలను తప్పుదారి పట్టించే గుణం గలదని, పళ్లెంలో కనబడిన ఫలితాలను జాగ్రత్తగా చూడాలని చెప్పారు. శాస్త్రం తన మాటను తానే పరీక్షించుకుంటుందనడానికి ఇది నిదర్శనం. దీన్ని చూసి నిరుత్సాహపడనక్కర్లేదు. తొందరపడకూడదు, అంతే.

దాతలు ఏమి చూడాలి?

ఈ పాఠం వల్ల మన చేతిలోని రూపాయి సరైన చోటికి చేరకపోతే ప్రయోజనం లేదు. అందుకని కొన్ని మాటలు.

ఒకటి. ‘ఎముక పెరిగే మూలికా స్కాఫోల్డ్’ పేరుతో ఎవరైనా పెద్ద మొత్తం అడిగితే, అది అనుమతి పొందిన చికిత్సా, పరిశోధనా అని అడగాలి. మన దేశంలో శరీరంలో అమర్చే పరికరాలకు 2017 వైద్య పరికరాల నియమాలు వర్తిస్తాయి. మనుషులపై జరిగే ఔషధ పరీక్షలు సీటీఆర్‌ఐ అనే జాతీయ రిజిస్టరులో నమోదు కావాలి. దాన్ని ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. మామూలు చికిత్సకు మించి, పరిశోధన కోసం అయ్యే ఖర్చును రోగి నుంచి వసూలు చేయకూడదని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అలాంటి ఖర్చు కోసం దరఖాస్తు వస్తే ఆగి విచారించాలి.

రెండు. నల్లేరు పొడి, పసుపు గుళిక తిన్నంత మాత్రాన స్కాఫోల్డ్ ఫలితం రాదు. ఈ వ్యాసంలో చెప్పినవి గాయం దగ్గర, కొలిచిన మోతాదులో జరిగిన ప్రయోగాలు. పైగా నకిలీ సరుకు ప్రమాదం. బంగ్లాదేశ్‌లో పసుపుకు రంగు కోసం సీసం కలిసిన రసాయనం వాడినట్టు శాస్త్రవేత్తలు 2019లో బయటపెట్టారు. సీసం కాల్షియం స్థానంలో చేరి ఎముకల్లోనే ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. ఎముక కోసం తిన్నది ఎముకకే చేటు కాకూడదు.

మూడు. కట్టు కట్టించుకునే సంప్రదాయం మన ప్రాంతాల్లో బలమైనది. రాయలసీమలోని పుత్తూరు కట్టు పేరు ఎరుగనివారు తక్కువ. అయితే ఎవరు కట్టినా సరే, కట్టు కింద వేళ్లు నీలంగా, చల్లగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి తట్టుకోలేనంతగా పెరిగినా గంటల్లోనే ఆసుపత్రికి చేర్చాలి. రక్తం ఆగితే అవయవమే పోతుంది. చర్మం చీలి ఎముక బయటికి కనబడితే నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి. ఇది తెలియక కాలు పోగొట్టుకున్నవారికి ఏ స్కాఫోల్డూ కాలు తెచ్చివ్వలేదు.

నాలుగు. ఆపరేషన్ ఖర్చు చాలాసార్లు ప్రభుత్వ ఆరోగ్య పథకంలో వస్తుంది. దాన్ని ముందు చూడాలి. పథకంలో రానివి తరువాతి నెలల ఖర్చులు. ఫిజియోథెరపీ, రానుపోను ఆటో ఛార్జీలు, గుడ్లు, పాలు, ఆగిపోయిన కూలి. చక్కెర వ్యాధి అదుపులో లేకపోయినా, పొగ తాగడం మానకపోయినా ఎముక ఆలస్యంగా అతుకుతుంది. కాబట్టి చక్కెర మందులకు నెలనెలా ఇచ్చే కొద్ది మొత్తం కూడా ఎముక చికిత్సలో భాగమే. మా దృష్టిలో దాతల సొమ్ము ఎక్కువ ఫలమిచ్చేది ఇక్కడే.

అయిదు. ఈ స్కాఫోల్డ్‌లు రేపు నిజమైన చికిత్సగా మారాలంటే ఆ పని చేసేవారు కావాలి. ఫార్మసీ, జీవసాంకేతిక శాస్త్రం, మెటీరియల్స్, బయోమెడికల్ ఇంజినీరింగ్ చదివే పిల్లలు ఆ దారిలో నడుస్తారు. హైదరాబాద్ నైపర్, ఐఐటీ హైదరాబాద్ వంటి సంస్థలు మన పొరుగునే ఉన్నాయి. తెలివైన పేదపిల్ల పరీక్ష ఫీజు దగ్గర ఆగిపోతే పోయేది ఆమె ఒక్కదాని చదువు కాదు.

గుర్తుంచుకోవలసింది ఇంతే. ఎముకను అతికేది శరీరం. స్కాఫోల్డ్ దానికి దారి చూపే పందిరి. మూలికల సారం ఆ తీగకు కొలిచి వేయవలసిన ఎరువు. ఆ పందిరి ఇంకా ప్రయోగశాల పెరట్లోనే ఉంది. అది మన వాకిలికి వచ్చేలోగా, ఇప్పుడు రుజువైన చికిత్స అందరికీ సమయానికి అందేలా చూడడం మన చేతిలో ఉన్న పని.